అమ్మ తర్వాత చూసేదెవరు?

"మేం పోయినంక వీని గతేంది?" కుండల్‌వాడి, బిలోలి, ధర్మాబాద్ దిక్కు తెలుగు ఇళ్ళల్లో ఎదిగిన మతిమంద్ కొడుకునో, బిడ్డనో సాకుతున్న తల్లిదండ్రుల నోట వచ్చే మాట ఇదే. పిల్లగాడు చిన్నగున్నప్పుడు ఈ ప్రశ్న ఉండదు. అప్పుడు డాక్టర్లు, మొక్కులు, ముడుపులు, నిజామాబాద్ ఒకసారి, నాందేడ్ ఒకసారి. తర్వాత కొన్నాళ్ళు బడి, అదీ దొరికితే. పద్దెనిమిదేళ్ళు నిండంగనే బడి తలుపు మూసుకుంటుంది. అక్కడి నుంచి ఇరవై, ముప్పయి ఏళ్ళు ఆ మనిషి బతుకు ఇంటి అరుగు మీదనే. తల్లి ముసలిదవుతుంది, కొడుకు నలభైకి వస్తాడు. అతనికి అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి, గడ్డం గీయించాలి, రోడ్డు మీదికి పోతే వెతికి తేవాలి. ఇవన్నీ చేస్తున్నది ఒక్క మనిషి. ఆ మనిషి పోయిన మర్నాడు పొద్దున ఏమవుతుందన్నదే అసలు సమస్య.

ఇలాంటివారు నలుగురైదుగురు కలిసి, చూసుకునే మనుషులతో ఊళ్ళోనే ఉండే ఇల్లు ఒకటి ఉండాలన్న మాట ఎత్తితే అధికారులైనా, నాయకులైనా, చివరికి ఊరి పెద్దలైనా ఒకటే అంటారు. మంచి ఆలోచనే గానీ ఖర్చు భరించలేం అని. భరించలేం అంటున్నవారు ఆ ఖర్చెంతో ఎన్నడూ లెక్క వేసింది లేదు. ఇప్పుడు ఆ ఖర్చును ఎవరు భరిస్తున్నారో అడిగిందీ లేదు.

ముందు ఒక మాట తేటతెల్లం కావాలి. బుద్ధి మాంద్యం వేరు, పిచ్చి వేరు. ఊళ్ళో రెండింటికీ ఒకే పేరు పెట్టి పిలవడం అలవాటైపోయింది. మానసిక జబ్బు ఎవరికైనా ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో తగ్గవచ్చు. బుద్ధి మాంద్యం పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో వచ్చేది. దానికి మందు లేదు, నేర్పించడం ఉంది. వైద్య పుస్తకాల లెక్కన ఇలాంటివారిలో నూటికి 85 మంది దాకా స్వల్ప స్థాయిలో ఉన్నవారే. వారు బట్టలు ఉతుక్కుంటారు, కూరగాయలు తరుగుతారు, మగ్గం దగ్గర కండెలు చుడతారు, ఓపికగా నేర్పితే బజారుకు పోయి సరుకులు తెస్తారు. రాత్రీ పగలూ పక్కన మనిషి కావలసినవారు తక్కువ మందే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఈ కోవలోకి వచ్చినవారు 15 లక్షల మంది. ఇంట్లో మతిమంద్ మనిషి ఉన్నాడని లెక్కలు రాసేవాళ్ళకు చెప్పనివారు ఎంత మందో ఆ 15 లక్షల్లో కనబడరు. చెల్లెలి సంబంధం చెడిపోతుందన్న భయం ఏ జనాభా లెక్క కంటే అయినా బలమైనది.

ఇది పాత కాలంలో ఇంత పెద్ద సమస్య కాదు. కారణం చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది. వారు ఎక్కువ కాలం బతికేవారు కాదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారి సగటు ఆయుష్షు అమెరికాలో సైతం 1980ల మొదట్లో పాతికేళ్ళే. గుండె ఆపరేషన్లు, మంచి మందులు వచ్చాక అది 60 దాకా వచ్చింది. ఇక్కడా పిల్లలు బతుకుతున్నారు, పెద్దవాళ్ళవుతున్నారు. తల్లిదండ్రుల కంటే ఎక్కువ కాలం బతుకుతున్నారు. సంతోషించాల్సిన విషయమే ఇంటింటా భయంగా మారింది.

పద్దెనిమిది నిండితే...

బాలల చట్టం 18 ఏళ్ళ దాకానే. ఆ తర్వాత బయటికి వెళ్ళేవారికి చేయూత అంటూ 21 ఏళ్ళ వరకు కొంత వెసులుబాటు ఉంది. ఇరవై ఒకటి నిండిన నాడు బుద్ధి మాంద్యం పోతుందా? ఈ ప్రశ్నను మహారాష్ట్రలో ఏళ్ళ తరబడి అడుగుతున్న పెద్దమనిషి ఒకరున్నారు. అమరావతి జిల్లా వజ్జర్‌లో అనాథ వికలాంగ పిల్లలను సాకుతున్న శంకర్‌బాబా పాపల్కర్. రైల్వే స్టేషన్లలో, బస్‌స్టాండ్లలో, చెత్తకుప్పల పక్కన వదిలేసిన పిల్లలను తెచ్చి పెంచారు. వంద మందికి పైగా పిల్లలకు తన ఇంటిపేరే ఇచ్చారు. 18 నిండాయని మతిమంద్ అనాథలను బయటికి పంపకుండా చట్టం చేయాలన్నది ఆయన చాలాకాలంగా చేస్తున్న డిమాండు. 2024లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. పతకం ఇవ్వడం చట్టం చేయడం కంటే సులువు.

పాపల్కర్ వంటివారు ఎక్కడో ఒకరుంటారు. ఒక మనిషి త్యాగం మీద నడిచే ఇంటికి ఆ మనిషితోనే చిక్కు. అక్కడ కూడా చివరికి అదే ప్రశ్న, బాబా తర్వాత ఎవరు? అందుకే దానం, త్యాగం మాటలు పక్కన పెట్టి జీతాల లెక్క చూడాలి.

ఆరుగురి ఇంటి లెక్క

కుండల్‌వాడి వంటి ఊళ్ళో ఒక ఇల్లు అద్దెకు తీసుకొని ఆరుగురు పెద్దవాళ్ళు ఉంటారనుకోవాలి. రాత్రీ పగలూ ఎవరో ఒకరు తోడుండాలి. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే, ఒక్క కుర్చీ ఖాళీ కాకుండా ఉండాలంటేనే మూడున్నర మంది కావాలి. పండుగలు, సెలవులు, జ్వరాలు కలిపితే నలుగురు. పొద్దున స్నానాల వేళ, సాయంత్రం వంట వేళ ఒకరితో కాదు కాబట్టి ఇంకొకరు. మొత్తం ఐదుగురు. తలా నెలకు 12 వేలు వేసుకుంటే జీతాలే 60 వేలు. బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, గ్యాసు 18 వేలు. అద్దె ఆరు వేలు. కరెంటు, సబ్బులు, బట్టలు, ఇతర సామాన్లు ఆరు వేలు. మందులు, ఆటో, బిలోలికో నాందేడ్‌కో దవాఖానకు పోయి రావడం ఆరు వేలు. అన్నీ కలిపి నెలకు 96 వేలు. ఏడాదికి 11 లక్షల 52 వేలు. మనిషికి నెలకు 16 వేలు, అంటే రోజుకు 530 రూపాయల పైచిలుకు.

ఇది వేసి చూసిన లెక్కే, ఎవరి ఊరి ధరలను బట్టి వారు అంకెలు మార్చుకోవచ్చు. ఎట్లా మార్చినా ఒకటి మాత్రం మారదు. ఖర్చులో పెద్ద వాటా ఇంటిది కాదు, ఇటుకలది కాదు. నూటికి 60కి పైగా మనుషుల జీతం. ప్రభుత్వాలు భవనం కట్టడానికి ముందుకు వస్తాయి, శిలాఫలకం వేయడానికి మంత్రులూ వస్తారు. ఆ భవనంలో రాత్రి రెండు గంటలకు మూర్ఛ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టే ఆయాకు ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం ఇచ్చే పద్దు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అందుకే భవనాలు మిగులుతాయి, ఇళ్ళు మిగలవు.

ఇందులో పింఛను ఎంత వస్తుంది? మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ పథకం కింద చాలాకాలం 600 రూపాయలే. తర్వాత వెయ్యి చేశారు, 2023లో 1,500 చేశారు. 2025లో వికలాంగులకు మరో వెయ్యి కలిపి 2,500 చేశారు. ఆరుగురికీ క్రమం తప్పకుండా వచ్చినా నెలకు 15 వేలు. 96 వేలల్లో ఇది ఎంతో చెప్పనక్కర్లేదు. కేంద్రం వాటా ఇంకా విచిత్రం. ఇందిరాగాంధీ పేరుతో ఉన్న వికలాంగుల పింఛను 2012లో 300 రూపాయలు అయింది. అదీ పేద కుటుంబమై ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే.

మిగిలిన 81 వేలు చూడగానే గుండె జారుతుంది. ఇక్కడే లెక్క తప్పుతోంది. ఈ 81 వేలు కొత్తగా పుట్టిన ఖర్చు కాదు. ఇప్పుడు కూడా అది ఖర్చవుతూనే ఉంది. ఆరు ఇళ్ళల్లో ఆరుగురు తల్లులు వారానికి 168 గంటల చొప్పున పనిచేస్తున్నారు. ఒక్కరికీ సెలవు లేదు, ఒక్కరికీ జీతం లేదు. పత్తి ఏరే కాలంలో, సోయా కోతల కాలంలో తోటి ఆడవాళ్ళు కూలికి పోతుంటే ఈ తల్లి పోలేదు. నెలకు ఇరవై రోజులు, రోజుకు మూడు వందలు అనుకున్నా ఆరు వేలు. ఆరు ఇళ్ళు కలిపి 36 వేలు. చెల్లెలికి చదువు మాన్పించి అన్నకు కాపలా పెట్టిన ఇల్లుంటే ఆ చదువు ఖరీదు వేరే. పెళ్ళికీ చావుకీ పోలేక తెగిపోయిన చుట్టరికాలకు ధర కట్టే తక్కెడ లేదు. ఈ ఖర్చులేవీ తహసీల్ కార్యాలయంలోనూ, నగర పరిషద్‌లోనూ ఏ రిజిస్టర్‌లోనూ కనబడవు. రిజిస్టర్‌లో కనబడనిదాన్ని శాసనం ఖర్చు అనదు. తల్లి చేసినంత కాలం అది ప్రేమ. తల్లి పోయిన నాడు అదే పని బడ్జెట్‌కు భారం అయిపోతుంది.

గుంపు చేస్తే చవకేనా?

ఆరుగురికి బదులు ఇరవై మందినో, వంద మందినో ఒకచోట పెడితే తలసరి ఖర్చు తగ్గుతుంది కదా అన్న వాదన ఉంది. కాగితం మీద తగ్గుతుంది కూడా. ఇరవై మందికి ఎనిమిది మంది ఆయాలతో నెట్టుకొస్తే జీతాల భారం మనిషికి పది వేల నుంచి నాలుగు వేల ఎనిమిది వందలకు, సగానికి పైగా పడిపోతుంది. తగ్గింది ఏమిటి? చేతులు. ఇరవై మందికి రాత్రి ఒక్క ఆయా. అందరికీ ఒకే వేళకు స్నానం, ఒకే సబ్బు, ఒకే చొక్కా. ఎవరికి ఏ కూర సయించదో ఎవరికీ గుర్తుండదు. ఒకరికి గజ్జి వస్తే అందరికీ వస్తుంది.

ఈ పొదుపు చివరికి ఎక్కడికి పోతుందో చెప్పడానికి మహారాష్ట్ర చరిత్రే చాలు. 1994లో పుణె జిల్లా శిరూర్‌లోని ప్రభుత్వ గృహంలో ఉన్న బుద్ధి మాంద్యం గల యువతులకు పుణె ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసివేశారు. నెలసరి శుభ్రత చూసుకోవడం కష్టంగా ఉందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. దేశమంతా గొడవ అయ్యాక అది ఆగింది. సూటిగా చెప్పాలంటే, చూసుకునే మనుషులను పెట్టడానికి బదులు ఆ ఆడపిల్లల దేహాలను కోశారు. ఢిల్లీ రోహిణిలోని ప్రభుత్వ గృహం ఆశాకిరణ్ మరో ఉదాహరణ. పట్టాల్సినవారి కంటే చాలా ఎక్కువ మందిని అందులో కుక్కారు. 2024 జూలై ఒక్క నెలలోనే అక్కడ 14 మంది చనిపోయారు. ఈ గృహంతో మొదలైన ఒక పాత కేసులోనే 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా ఇలాంటి ప్రభుత్వ సంస్థలను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు పరిశీలించాలని ఆదేశించింది. దేశ రాజధానిలో, కోర్టులూ మంత్రిత్వ శాఖలూ ఉన్న ఊళ్ళోనే ఆ గతి అయితే, సరిహద్దులో మూల తాలూకాలో కట్టే పెద్ద భవనాన్ని ఎవరు వచ్చి చూస్తారు?

ఐరోపా దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ వందల మందిని ఉంచే పెద్ద ఆశ్రమాలు ఒకప్పుడు మామూలు. వాటిని మూసి చిన్న ఇళ్ళకు మార్చేటప్పుడు ఖర్చు మీద పెద్ద చర్చే నడిచింది. 28 దేశాల సమాచారం తీసుకొని 2007లో వెలువడ్డ ఒక అధ్యయనం తేల్చిందేమంటే, ఒకే రకం అవసరాలున్న మనుషులను, ఒకే నాణ్యత గల సేవను పక్కపక్కన పెట్టి పోల్చితే చిన్న ఇళ్ళు పెద్ద సంస్థల కంటే ఖరీదైనవి అనడానికి ఆధారం లేదు. చవకగా కనిపించిన పెద్ద సంస్థలు చవకైన సేవను ఇచ్చినవే. అయితే ఆ దేశాలకు మార్పు కాలంలో రెండు పొయ్యిలు వెలిగించాల్సి వచ్చింది. పాత భవనం మూతపడేదాకా దానికీ జీతాలు, కొత్త ఇళ్ళకూ జీతాలు. కుండల్‌వాడికి ఆ బాధ లేదు. మూయాల్సిన పెద్ద భవనమేదీ ఇక్కడ లేదు. మొదటి అడుగే చిన్న ఇంటితో వేయవచ్చు.

బెల్జియంలో ఖేల్ అని ఒక చిన్న పట్టణం ఉంది. పదమూడో శతాబ్దం నుంచీ అక్కడి కుటుంబాలు మానసిక రోగులనూ, బుద్ధి మాంద్యం ఉన్నవారినీ తమ ఇళ్ళల్లోనే ఉంచుకుంటూ వస్తున్నాయి. 1930ల చివరలో ఆ ఊళ్ళో ఇలా ఉన్నవారు దాదాపు 3,800 మంది. ఇప్పుడు ఆ సంఖ్య బాగా తగ్గింది గానీ పద్ధతి పోలేదు. ఆ కుటుంబాలకు ప్రభుత్వం డబ్బు కడుతుంది, వెనక దవాఖాన ఉంటుంది. పుణ్యానికి చూడమని ఎవరూ అనరు. ఇక్కడ కూడా పక్కింటి పెద్దమ్మ, ఒంటరిగా ఉన్న మేనత్త ఇద్దరిని చూసుకోవడానికి ముందుకు రావచ్చు. నెలకు ఇంత అని ఇస్తే ఆమెకూ బతుకు గడుస్తుంది. స్వల్ప స్థాయిలో ఉన్న ముగ్గురు ఒక గదిలో ఉంటే పొద్దున రెండు గంటలు, మాపున రెండు గంటలు ఒక మనిషి వచ్చిపోతే సరిపోతుంది. అప్పుడు పైన వేసిన లెక్క మూడో వంతుకు కూడా రాదు. రాత్రీ పగలూ మనుషులుండే ఇల్లు అందరికీ అక్కర్లేదు. ఎవరికి ఏది కావాలో ముందు చూడాలి. చూడకుండానే ఖర్చెక్కువ అనడం ఒక సాకు.

ఇంటి కంటే ముందు రావలసింది పగటి కేంద్రం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా పదిహేను మంది వచ్చి పనులు నేర్చుకొని పోయే చోటు. దానికి ముగ్గురు మనుషులు చాలు, రాత్రి జీతాలు ఉండవు. తల్లికి కూలి దొరుకుతుంది, నడుముకు విశ్రాంతి దొరుకుతుంది. అమ్మ కాక మరొకరు అన్నం పెడితే తినే అలవాటు అతనికి అవుతుంది. తల్లి పోయిన రోజున ఒకేసారి ఇల్లూ, మనిషీ, ఊరూ అన్నీ మారిపోతే తట్టుకోలేక తిండి మానేసేవారుంటారు. ఆ అలవాటు పదేళ్ళ ముందే మొదలుపెట్టాలి. ఆశ్రమశాలలూ వసతిగృహాలూ నడపడం ఈ తాలూకాకు కొత్త విద్య కూడా కాదు. సగరోలిలో 1959లో మొదలైన సంస్కృతి సంవర్ధన్ మండల్ ఇప్పటికీ వేలాది పిల్లలకు చదువు చెబుతూ వస్తోంది.

గీత అవతల, గీత ఇవతల

సరిహద్దు తెలుగువారికి ఈ విషయంలో ఒక అదనపు ఖర్చు ఉంది. అది ఏ పథకంలోనూ లేనిది, భాష. ముప్పయి ఐదేళ్ళ మనిషికి వచ్చినవే రెండు వందల మాటలు. అవి తెలుగు మాటలు. "బువ్వ", "బయటికి", "నొస్తుంది", "అవ్వ". నాందేడ్‌లోనో లాతూర్‌లోనో, ఇంకా దూరాన ఔరంగాబాద్ దిక్కునో ఉన్న గృహంలో చేర్చితే అక్కడి ఆయాకు ఆ మాటలు అర్థం కావు. కడుపు నొస్తుందని చెప్పుకోలేనివాడు అరుస్తాడు. అరిస్తే మొండివాడని రాస్తారు, మందిచ్చి పడుకోబెడతారు. చదువుకున్నవాడు కొత్త భాష నేర్చుకుంటాడు. ఇతనికి అది చేతకాదు. అంటే తెలుగు తెలిసిన ఆయా ఇక్కడ ముచ్చట కాదు, మందు వంటిది. ఊళ్ళోనే చిన్న ఇల్లు ఉంటే తెలుగూ మరాఠీ రెండూ వచ్చిన ఆయాలు వీధికి నలుగురు దొరుకుతారు. వారికి తర్ఫీదు ఇవ్వగల వారు కూడా దగ్గర్లోనే ఉన్నారు. బుద్ధి మాంద్యానికి దేశం మొత్తానికీ ఉన్న జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది.

అవతల నిజామాబాద్, బోధన్‌లలో మేనమామలున్నారు, అక్కలున్నారు. తల్లి పోయాక అక్క వచ్చి తమ్ముణ్ణి బోధన్ తీసుకుపోతే ఏమవుతుంది? మహారాష్ట్ర పింఛను ఆగిపోతుంది. అవతల మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు. రేషన్ కార్డులో పేరు, ఆధార్‌లో చిరునామా, మళ్ళీ దవాఖాన చుట్టూ తిరుగుడు. ఇవతలికి వచ్చేవారికీ అదే గోస. నిరాధార్ పథకానికి మహారాష్ట్రలో 15 ఏళ్ళ నివాసం చూపించాలి. దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు వచ్చింది నిజమే. కార్డు గీత దాటుతుంది, పైసలు దాటవు.

తెలంగాణలో ఆసరా కింద వికలాంగుల పింఛను 2014లో 1,500, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఆరు వేలు. అవతల మూడు వేల పదహారు వస్తున్న రోజుల్లో ఇవతల వెయ్యి. ధర్మాబాద్ దిక్కు గ్రామాలు 2018లో తెలంగాణలో కలపమని అడగడం, 2019 సెప్టెంబరులో నాందేడ్ జిల్లా నాయకులు కొందరు హైదరాబాద్ పోయి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను కలవడం అందరికీ తెలిసిందే. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం ముక్కలైన నాడు గీసిన గీత ఇప్పుడు చెరిగేది కాదు. గీత ఎక్కడున్నా ఆరుగురి ఇంటికి నాలుగు వేలు కూడా చాలవు, ఆరు వేలూ చాలవు. పింఛను మనిషి తిండికి సరిపోవచ్చు, తోడుకు సరిపోదు. మెర్జర్ అడిగినవారు, వద్దన్నవారు ఇద్దరూ ఈ తేడాను పట్టించుకోలేదు.

ఎవరు ఇవ్వాలి?

చట్టాలకు కొదవ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్ వీరికి సమాజం మధ్యలో బతికే హక్కు ఉందని చెప్పింది. ఫలానా చోటే ఉండాలని బలవంతం చేయకూడదని, ఇంటి దగ్గర సేవలు అందాలని కూడా చెప్పింది. 24వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఇచ్చే సాయం అదే తరహాలో ఇతరులకు ఇచ్చేదాని కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. 37వ సెక్షన్ ప్రభుత్వ ఇళ్ళ పథకాల్లో 5 శాతం వీరికి కేటాయించాలంటుంది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం కింద పెద్దవాళ్ళు జీవితాంతం ఉండటానికి ఘరౌందా అనే పథకం ఉంది. నిరామయ పేరుతో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. ఘరౌందా ఇల్లు నడపాలంటే ట్రస్టులో నమోదైన సంస్థ ఉండాలి. పెద్ద నగరాల్లో అటువంటి సంస్థలు దొరుకుతాయి, బిలోలి తాలూకాలో తల్లిదండ్రులే కూడి పెట్టుకోవాలి.

కూడితే పని అవుతుందని చెప్పడానికి వెనకటి అనుభవం ఉంది. దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నీ 1995లో పరివార్ పేరుతో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఇలాంటి సంఘాల ఒత్తిడి లేకపోతే నేషనల్ ట్రస్టు చట్టమే వచ్చేది కాదు.

ఆస్తి సంగతి కూడా దాచిపెడితే లాభం లేదు. రెండెకరాల చెలక, పాత ఇల్లు ఉన్న తల్లిదండ్రులు దాన్ని మతిమంద్ కొడుకు పేర రాస్తే అన్నదమ్ములు ఊరుకోరు. అన్న పేర రాసి తమ్ముణ్ణి చూడమంటే ఎన్నాళ్ళు చూస్తాడో దేవునికెరుక. వదినెను అనడానికి కూడా లేదు. ఆమె కూడా జీతం లేని ఆయాగానే మిగులుతుంది. 18 నిండాక తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో సంరక్షకులు కారన్న సంగతి చాలామందికి బ్యాంకు పనికి పోయినప్పుడే తెలుస్తుంది. దానికి నేషనల్ ట్రస్టు చట్టం 14వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలి. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. నియమితుడైనవారు ఆరు నెలల్లోగా ఆ మనిషి ఆస్తి వివరాలు కమిటీకి ఇవ్వాలి, ఏటేటా లెక్క చూపాలి. అన్నదమ్ములున్న ఇంట్లో తల్లి బతికుండగానే ఈ కాగితం చేయించుకోవడం భూమి కంటే ముఖ్యం.

ఇంతకూ ఆ 81 వేలు ఎక్కడివి? అంతా ఒక్కచోటి నుంచి రాదు, రావాలనీ లేదు. కొంత నేషనల్ ట్రస్టు, కొంత రాష్ట్రం, ఉన్నవారి తల్లిదండ్రుల నుంచి కొంత. లేనివారి నుంచి పైసా అడగకూడదు. ఊళ్ళో ఖాళీగా ఉన్న సర్కారు భవనం ఒకటి ఇస్తే అద్దె మిగులుతుంది. మిగతాదానికి చూడాల్సింది నగర పరిషద్ వైపే. మహారాష్ట్రలో నగర పరిషద్‌లు, గ్రామ పంచాయతీలు తమ సొంత రాబడిలో 5 శాతం వికలాంగుల కోసం ఖర్చు చేయాలన్న నిబంధన ఉంది. ఇంతకుముందు 3 శాతం ఉండేది, 2018లో 5 చేశారు. చాలా చోట్ల ఈ డబ్బు ఏడాది చివర తలా కొంత పంచి చేతులు దులుపుకోవడానికే పనికొస్తోంది. పంచిన రోజు ఫొటో వస్తుంది. తలా రెండు వేలతో ఎవరి బతుకూ మారదు. అదే డబ్బుతో పగటి కేంద్రంలో ఒక ఆయాకు పన్నెండు నెలల జీతం వస్తే పదిహేను ఇళ్ళల్లో తల్లులు కూలికి పోగలుగుతారు.

కుండల్‌వాడి నగర పరిషద్‌లో ఈ 5 శాతం పద్దు కింద పోయిన మూడేళ్ళలో ఎంత జమయింది, ఎంత ఖర్చయింది, దేనికి ఖర్చయింది అన్నది సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. దరఖాస్తు మరాఠీలో గానీ, హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ రాయవచ్చు. రుసుము పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.